దబ్బనం గుచ్చిన పేజీ

చనిపోయిన మనిషి ఫోటో అమ్మకానికి పెట్టిన వస్తువు మీద కనిపిస్తే ఎవరికైనా కాళ్లు ఆగిపోతాయి. తిరుపతి పుస్తక ప్రదర్శనలో నాకు అదే జరిగింది. ఒక స్టాలులో ఒకే పుస్తకం గుట్టగా పేర్చి, పైన రెండు కాపీలు తిరగేసి పెట్టారు. వెనక అట్ట మీద మా ఆపా. పరుపుల దొంతర మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు కొసకు జారి, ఒళ్లో పుస్తకం. ఆమెకు తెలియకుండా ఎవరో తీసిన ఫోటో. తెలిసి ఉంటే కొంగు తల మీదికి లాక్కునేది. ఫోటో కింద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం.

"ఈ పుస్తకం చదువుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి."

దాని కింద సన్నగా: పరుపుల దుకాణం నడిపిన ఒక సామాన్య పాఠకురాలు, చిత్తూరు.

ఆ మాట ఆమె అన్నది నిజమే. ఒక సభలో నేను పక్క కుర్చీలో కూర్చుని విన్నాను. కానీ అది ఆమె చెప్పిన మాటలో మొదటి ముక్క. ఆ నీళ్లు రచయిత కోసం కాదని, ఎవరి కోసమో ఆమె ఆ వెంటనే చెప్పింది. హాలంతా విన్నది. రచయితా విన్నాడు. ఇప్పుడు ఆమె లేదు. అడగడానికి రాదు. అందుకని మొదటి ముక్క కోసుకుని మిగతాది పారేశారు.

నా పని మామిడి తోటల్లో కాపు అంచనా కట్టడం. తోటలను గుత్తకు తీసుకునే వ్యాపారులు నన్ను వెంటబెట్టుకుని పోతారు. నేను చెట్లు చూసి, ఈ తోట ఇంత కాయ దిగుతుంది అని చెబుతాను. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి నేర్చుకున్నాను. ఇందులో మొదటి పాఠం ఒకటే. చెట్టును ఒక పక్కనుంచి చూసి లెక్క చెప్పకూడదు. ఎండ తగిలే పక్క కాయ దట్టంగా ఉంటుంది. తోట యజమాని మనల్ని ఆ పక్కనే నిలబెట్టి మజ్జిగ ఇచ్చి మాట్లాడుతూ ఉంటాడు. మజ్జిగ తాగి, చుట్టూ తిరగాలి. వంగి కొమ్మల కిందికి దూరి పైకి చూడాలి. ఆ అట్ట వేసినవాళ్లు మా ఆపాను ఎండ తగిలే పక్కనుంచి మాత్రమే చూపించి అమ్ముకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

చిత్తూరు బజారులో ఆమెను అందరూ ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లు. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ, ఆయన పోయాక ఆమె ఒక్కతే, బూరుగు దూదితో పరుపులు, దిండ్లు కుట్టించి అమ్మేది. మామిడి వ్యాపారులు కలుసుకునే టీ అంగడికి ఎదురుగా ఆ దుకాణం. వాళ్ల కోసం కాచుకుని ఉన్నప్పుడు నేను ఆమె అరుగు మీద కూర్చునేవాడిని. పైన, పరుపుల దొంతర మీద ఆమె. ఒక కాలు కిందికి వేలాడుతూ ఉండేది. పెదాలు కదిలిస్తూ చదివేది. కళ్లజోడు మీద దూది పోగులు. చదువుతున్నప్పుడు బేరం వస్తే ముఖం ఎత్తకుండానే, "లోపల గుద్ది సూసుకోండి" అనేది.

గుద్ది చూడటమంటే, దిండును పిడికిలితో గట్టిగా గుద్ది చెయ్యి తీసేయాలి. గుంట మెల్లగా పైకి లేచిందంటే లోపల మంచి దూది. గుంట అట్లాగే నిలిచిపోతే పాత గుడ్డపేలికలు కూరారని అర్థం. పుస్తకాలకూ ఆమెది అదే పరీక్ష. చదివిన వెంటనే ఏమీ చెప్పేది కాదు. రెండు మూడు రోజులు పక్కన పెట్టి, లోపల ఏం పైకి లేచిందో చూసుకునేది. కొన్ని పుస్తకాల గురించి అడిగితే, "గుంట పడింది, అట్నే ఉండాది" అని చెయ్యి దులిపేసేది.

అబద్ధం అనిపించిన పేజీ వస్తే మాత్రం ఆగేది కాదు. పరుపులు కుట్టే దబ్బనం ఎప్పుడూ ఆమె పక్కనే ఉండేది. దాన్ని తీసి ఆ పేజీ మధ్యలో గుచ్చేది. గ్రంథాలయం పుస్తకానికి అట్లా మూడు చోట్ల గుచ్చి, సభ్యత్వం పోగొట్టుకుంది. ఆ తర్వాత కొనుక్కునే చదివేది. కొత్తగా వచ్చిన నవలలు, జీవిత కథలు నేను తిరుపతి నుంచి తెచ్చి ఇచ్చేవాడిని. పాతవి అడిగేది కాదు. "సచ్చిపొయినోళ్లతో నేనేం కొట్లాడేది? బతికుండే వాళ్లను తెచ్చియ్యి" అనేది.

కరువు మీద వచ్చిన ఒక నవల ఇచ్చాను. బహుమతి కూడా వచ్చిన నవల. తర్వాత పోయేసరికి ఆమె ముఖం ఎర్రగా ఉంది.

"ఈ ఊర్లో ఎవురూ నవ్వరేమప్పా?"

"కరువు కదా ఆపా."

"కరువైతే? మావాళ్ల ఊర్లో బావులెండిపొయినప్పుడు మా మామ బావిలోకి తొంగి సూసి, 'ఒసే, నీ మొగం కన్నా పొడిగా ఉండాదే' అన్నాడు మా అత్తను. ఆయమ్మ చేట ఇసిరి కొట్టినాది. ఇద్దరూ పస్తే ఆ పొద్దు. నీళ్లు లేకపోతే నోట్లో మాట కూడా ఉండదా? ఈయప్ప రైతును సూసినాడా, గోడ మింద రైతు బొమ్మను సూసినాడా?"

ఇంకొకటి ముస్లిం కుటుంబం కథ అని అట్ట మీద చూసి ఆమె కోసమే కొన్నాను. అది నా చేతిలోకి వచ్చి పడింది, విసిరేసింది కాబట్టి.

"తౌబా! తినీ తినీ నాకే కడుపునొప్పి వచ్చినాదప్పా. పేజీ తిప్పితే బిర్యానీ. మా ఇంట్లో పొద్దన్నే ఏముంటాది? సంగటి, ఊరిబిండి. నువ్వు తిన్లా?"

"తిన్నాను."

"అత్తరు వాసనంట, అత్తరు! దూది దుమ్ముకు ముక్కులు మూసుకపోయిండే వాళ్లకు అత్తరు యాడ తెలుస్తాది? మా గురించి మంచిగానే రాసినాడు పాపం. మంచిగా రాస్తే సాలా? మమ్మల్ని రాయొద్దా?"

అన్నీ తిట్లే కాదు. ఒక నర్సు తన జీవితం తాను రాసుకున్న పుస్తకం ఆమెకు బాగా నచ్చింది. అందులో ఆ నర్సు, మంచాన పడి ఉన్న అత్త చనిపోయిన రోజు తనకు మొదట వచ్చిన ఆలోచన ఏడుపు కాదని, రేపు పొద్దున కొంచెంసేపు ఎక్కువ పడుకోవచ్చు అనేదని రాసింది. ఆపా ఆ పేజీని నాకు రెండుసార్లు చదివి వినిపించింది. "ఇది రాసేదానికి ఎంత గుండె గావాల! లేసింది సూడు, గుద్దినా లేసింది" అన్నది. పుస్తకంలో ఉన్న చిరునామాకు తన చేత్తో కుట్టిన దిండు ఒకటి పార్సిల్ చేసింది. ఎవరు పంపారో రాయలేదు.

నేను లెక్కల మనిషిని. పుస్తకాల్లో నాకు తప్పులే ముందు కనపడతాయి. ఒక నవలలో కార్తీక మాసంలో తోతాపురి కాయలు పండి రాలినట్టు రాశారు. నాకు పండగే అయింది.

"ఆపా, ఈ పుస్తకం చెల్లదు" అన్నాను.

"కాయలు సూసినావు సరే. బిడ్డ పొయినాక ఆ తల్లి ఉయ్యాల విప్పకుండా ఉత్త ఉయ్యాలను ఊపతా ఉంటాదే, అది సూసినావా?"

"చూశాను."

"అది తప్పా?"

"కాదు."

"అయితే ఆ కాయలు నువ్వే కోసుకో పో, లెక్కలప్పా."

మరో లావు పుస్తకంలో రైళ్లు, వానలు, ఊళ్ల మధ్య దూరాలు అన్నీ నేను సరిచూశాను. ఒక్క తప్పు దొరకలేదు. గర్వంగా తీసుకుపోయి ఇచ్చాను. ఆమె చదివి, "అన్నీ ఉండాయి. మనిషొక్కడు లేడు" అని తిరిగి ఇచ్చేసింది.

మగవాళ్లు రాసుకున్న జీవిత కథ ఏది తెచ్చినా ఆమె మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేది కాదు. వేళ్లతో పేజీలు తిరగేస్తూ వెతికేది. "ఈ పుస్తకంలో అక్క యాడుండాదో సూడు" అని నాకూ పని చెప్పేది. వీధి దీపం కింద చదివిన మగవాళ్లు, మైళ్లు నడిచి బడికి పోయిన మగవాళ్లు, అందరి కథల్లో ఎక్కడో ఒక అక్క ఉండేది. అన్నం కట్టి ఇచ్చేది. చొక్కా ఉతికి పెట్టేది. పెళ్లయి పోయేది. అంతటితో ఆమె పని అయిపోయేది. ఆపా అక్కడ దబ్బనం గుచ్చేది.

ఎందుకని ఒకసారి అడిగాను. దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ చెప్పింది. "నేను ఎనిమిది సదివినా. మా తమ్ముడు ఇంజనీరు. ఇద్దురిని సదివించేదానికి కాలేదు మా నాయనకు. దూది ఏరేదానికి ఒకరు గావాల గదా." దారం ఎక్కింది. ఇక ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆపా ఫోటో అట్ట మీద వేసుకున్న ఆ జీవిత కథ పలమనేరు రోడ్డులో ఒక పల్లెలో పుట్టి, పెద్ద ఉద్యోగం చేసి, రిటైరై తిరుపతిలో స్థిరపడిన ఒక పెద్దమనిషి రాసింది. మూడు వందల పైచిలుకు పేజీలు. పత్రికలు మెచ్చుకున్నాయి. అందులో అక్క ఉన్నది మూడు వరుసలు. అవి నాకు నోటికి వచ్చు. "మా అక్క నన్ను చంకనెత్తుకుని వాగు దాటించి బడిలో దించేది. తర్వాత ఆమెకు పెళ్లయింది. అక్కలంతా ఇంతే కదా, తల్లి తర్వాత తల్లులు."

ఆపా ఆ పేజీలో గుచ్చిన పోటు వెనక పది పేజీల దాకా దిగింది.

చిత్తూరులో ఆ పుస్తకం మీద సభ పెట్టారు. ఆదివారం పొద్దున. నన్ను తోడు తీసుకుని ఆమె వచ్చింది. వేదిక మీద నలుగురు మాట్లాడారు. నలుగురూ ఆర్ద్రత అన్నారు. ఆపా ఆహ్వాన పత్రంతో విసురుకుంటూ విన్నది. చివర, పాఠకులు ఎవరైనా మాట్లాడవచ్చు అన్నారు. ఆమె లేచింది. కళ్లలో నీళ్లు తిరిగినాయి అన్నది. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆపించి మిగతాది చెప్పింది. మిగతాదానికి ఎవరూ కొట్టలేదు. ఆ మాట మొత్తం చివర రాస్తాను, ఈ రాతంతా దాని కోసమే కాబట్టి. చెప్పడం అయ్యాక ఆమె కూర్చోలేదు.

"మీ అక్క ఉండాదా సార్?"

"ఉంది తల్లీ, ఊళ్లోనే ఉంది" అన్నాడు రచయిత.

"పుస్తకం ఇచ్చినారా ఆయమ్మకు?"

ఆయన నవ్వాడు. "మా అక్కకు చదువు రాదు తల్లీ. ఆమె ఆశీస్సులు మాత్రం నాకు ఎప్పుడూ ఉంటాయి."

"రాదని పుస్తకంలోనే కనపడతా ఉండాది సార్. ఇచ్చినారా లేదా అని అడిగినా."

సమయం మించిపోతున్నదని చెప్పి మైకు తీసేసుకున్నారు. మెట్లు దిగుతూ ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ ఊరికి తోటలు సూసేదానికి పోతావు గదా నువ్వు?"

"పోతాను."

"ఈ తూరి నన్ను తీసకపో."

పిందెలు నిమ్మకాయంత అయిన సమయంలో ఇద్దరం పలమనేరు బస్సు ఎక్కాం. ఆమె చంకలో గుడ్డసంచిలో ఒక కొత్త దిండు, తాను గుచ్చిన పుస్తకం. ఆ ఇల్లు అడిగి తెలుసుకుని పోయాం. ముసలామె పంచలో కూర్చుని చింతపండు కొడుతూ ఉంది. ఒక కంటికి పొర వచ్చి ఉంది. సుత్తి పడినప్పుడల్లా చింతగింజ ఎగిరి పక్కన పడేది.

"ఎవురమ్మా మీరు?"

"మీ తమ్ముడు రాసిన పుస్తకం సదివినదాన్ని. నిన్ను సూద్దామని వచ్చినా."

సుత్తి ఆగింది.

"రాసినాడని చెప్పినారు ఊర్లో. నన్ను కూడా రాసినాడా?"

నేను ఆపా వైపు చూశాను. అబద్ధాన్ని ఎక్కడా సహించని మనిషి. మూడు వరుసలు అని చెబుతుంది, ఈ ముసలామె ఏమవుతుందో అని నాకు భయం వేసింది. ఆపా కింద కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుంది. పుస్తకం తెరిచి, పుస్తకాల భాషలో, బడిపిల్ల మాదిరిగా చదవడం మొదలుపెట్టింది.

"మా అక్క నన్ను చంకనెత్తుకుని వాగు దాటించి బడిలో దించేది."

అక్కడిదాకా పుస్తకంలో ఉంది. తర్వాత పెళ్లయింది అన్న వరుస ఆమె చదవలేదు. ఆపకుండా ముందుకు పోయింది.

"దించి వెళ్లిపోయేది కాదు. కిటికీ దగ్గర నిలబడి పాఠం వినేది. అయ్యవారు అడిగిన ఎక్కం నాకు రాకపోతే బయటినుంచి పెదాలు కదిలించి అందించేది. బడిలో నాకు దొరికిన ప్రతి మెప్పులో సగం అక్కది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె చూపు పేజీ మీదే ఉంది, కానీ వరుసల వెంట కదలడం లేదు. దబ్బనం పోటు దగ్గరే నిలిచి ఉంది.

ముసలామె నోరు తెరుచుకుని విని, పకపకా నవ్వింది.

"కిటికీ యాడిదమ్మా ఆ బడికి! వెనక గోడ పడిపోయిండె. ఆ గండి కాడ నిలబడేదాన్ని. వాడు మరిసిపొయినాడు."

ఆపా తల ఎత్తలేదు.

"ఎక్కాలు మాత్రం నిజమే. పదారో ఎక్కం వానికి ఎంత కొట్టినా వచ్చేది కాదు. నాకొచ్చు." చింతపండు చేతులు ఒళ్లో పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ మొదలుపెట్టింది. "పదారొకట్ల పదారు, పదారు రెండ్ల ముప్పై రెండు, పదారు మూళ్ల నలభై ఎనిమిది..." చివరిదాకా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. నేను లోపల ఆమె వెంటే నడిచాను. నేను కూడా ఎక్కాలు బడి లోపల కూర్చుని నేర్చుకున్నవాడిని కాదు.

"ఇంగొకసారి సదువమ్మా" అన్నది.

ఆపా మళ్లీ చదివింది. అవే మాటలు. కిటికీ మాత్రం తీసేసి గోడ గండి పెట్టింది.

పోయేటప్పుడు పుస్తకం ముసలామె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తడుముతూ, "ఇదేంది, తూటు?" అన్నది.

"గుర్తుకు పెట్టినా. అది నీ పేజీ."

తిరుగు బస్సు బంగారుపాళెం దాటింది. ఆపా కిటికీ వైపు తిరిగి అన్నది.

"నా చేత అబద్ధం చెప్పించినాడప్పా ఆ మనిషి."

"అబద్ధం ఎందుకవుతుంది ఆపా? నువ్వు చెప్పింది నిజమే అయింది కదా."

"నిజమైతే అది వాడు రాయాల. నేనెందుకు రాయాల? తమ్ముడు వాడా, నేనా?" ఆమె గొంతు పెరిగింది. ముందు సీట్లో వాళ్లు వెనక్కి తిరిగారు. "ఎన్ని పుస్తకాలకు గుచ్చినా నేను! ఈ పొద్దు నేనే చెప్పినా. నన్నెవురు గుచ్చాల?" నా వైపు తిరిగి, "ఆయమ్మకు మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు. నీ నోరు పడిపోవాల చెప్పినావంటే" అన్నది. చెప్పనని మాట ఇచ్చాను.

ఉపవాసాల నెల ఇంకా రాకముందే, కుడుతూ కుడుతూ దొంతర మీదే పక్కకు ఒరిగి ఆపా కన్నుమూసింది. దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

తిరుపతి స్టాలులో ఆ రోజు రచయిత కూడా ఉన్నాడు. కుర్చీలో కూర్చుని సంతకాలు పెడుతున్నాడు. నేను పుస్తకం తిప్పి ఆయన ముందు పెట్టాను.

"ఈమె చెప్పింది ఇంతేనా సార్?"

ఆయన నన్ను గుర్తుపట్టాడు. "అయ్యో, పోయారని విన్నాను. గొప్ప పాఠకురాలు. ఆమె కన్నీళ్లే నాకు పెద్ద అవార్డు."

"మిగతా మాట ఏమైంది?"

"ఏదో ఆవేశంలో అన్నారు. సారాంశం ఇదే కదా."

"సారాంశం ఇది కాదు సార్. మీరూ అక్కడే ఉన్నారు."

స్టాలు అతను మధ్యలోకి వచ్చాడు. "అన్నా, వెనకట్ట మీద జాగా ఎంత ఉంటుందో మీరే చెప్పండి."

"ఫోటోకు దొరికింది కదా జాగా."

వెనక వరుసలో నిలబడ్డ ఒకామె, "కొంచెం జరగండి, సంతకం కోసం ఎంతసేపటినుంచో నిలబడి ఉన్నాం" అన్నది. జరిగాను. పక్కకు పోయి అక్క పేజీ తీశాను. కొత్త ముద్రణ, సవరించినది అని మొదట్లో రాశారు. అవే మూడు వరుసలు. ఒక కామా మారింది. పుస్తకం కొన్నాను. కోపంతో పుస్తకం కొనడం నాకు అదే మొదలు.

మరునాడు పొద్దున్నే ఆ ఊరికి బయలుదేరాను. చెప్పేయాలనే పోయాను. ఆపా మాటనే నరికి అమ్ముకుంటుంటే నేనిచ్చిన మాట ఒక్కటి నిలబెట్టి ఏం లాభం అనుకున్నాను. అమ్మా, నీ తమ్ముడు నిన్ను రాయలేదు, రాసింది పరుపులు కుట్టే ఆపా. ఈ వాక్యం బస్సులో మళ్లీ మళ్లీ సరిచేసుకున్నాను.

ముసలామె అదే పంచలో, అదే సుత్తితో ఉంది. అడుగుల చప్పుడుకు తల ఎత్తి, నన్ను గుర్తుపట్టింది.

"ఆపా రాలేదా నాయనా?"

ఆపా పోయిందని చెప్పాను. సుత్తి పక్కన పెట్టింది. "నాకు దిండు ఇచ్చినాది" అన్నది. లేచి లోపలికి పోయింది. దిండు తెచ్చింది. అది తల కింద పెట్టుకున్న దిండు కాదు, నలగలేదు. దాని మీద పుస్తకం. చూపుడు వేలితో తడిమి, తూటు దొరకగానే ఆ పేజీ తెరిచి నాకిచ్చింది.

"సదువు. ఆపా సదివినట్టు."

నేను చెప్పాలనుకుని తెచ్చిన వాక్యం నోట్లోనే ఉంది. కింద చూస్తే మూడు వరుసలు. నాకు అంకెలు గుర్తుంటాయి, మాటలు అంతగా ఉండవు. కల్పించడం అసలు రాదు. అయినా చదివాను. వాగు దాటించాను. గోడ గండి దగ్గర నిలబెట్టాను. ఎక్కం అందించాను. ఆపేశాను.

"ఇంగా ఉండాది గదా" అన్నది. "ప్రతి మెప్పులో సగం అక్కది అని. అది ఇడిసిపెట్టినావే."

పుస్తకంలో లేని మాట ఆమెకు అక్షరం పోకుండా వచ్చు. అది కూడా చదివాను.

"ఆపా మాదిరి రాదులే నీకు" అని నవ్వింది. ఆ నవ్వులోనే నా సంచిలోంచి సగం బయటికి వచ్చిన కొత్త పుస్తకం చూసింది. మంచి కంటికి దగ్గరగా పెట్టుకుంది. "ఇది ఆపానే గదా! కింద ఏమి రాసుండారు?"

చదివాను. కళ్లలో నీళ్లు తిరిగాయి అని, అచ్చులో ఉన్నంతే, అక్కడికి ఆపి.

"ఏడిసినాదా ఆపా? మావాడు రాసింది సదివి?"

"ఏడ్చిందమ్మా. నీ కోసమే ఏడ్చింది."

ఆ రోజు ఆ పంచలో నేను చెప్పగలిగిన నిజం అంతే. ఆమె ఫోటో మీద చింతపండు చేతితో మెల్లగా నిమిరింది. మరక పడింది. నేను ఆ పుస్తకం కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

అట్లా వాళ్లు కోసిన ముక్కను నేనే నా నోటితో చదివి, ఖరారు చేసి వచ్చాను. ఆపాకు ఇచ్చిన మాట నిలబడింది. ఆపా మాట నిలబడలేదు. ఈ రెంటినీ ఒక లెక్కలో సరిపెట్టడం నాకు చేతకాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అక్క పేరు, ఆ ఊరి పేరు నేను రాయలేదు. రాస్తే ఆ ముసలామె ఎవరో తెలిసిపోతుంది. ఒకవేళ ఎవరికైనా తెలిసినా, దయచేసి ఇది ఆమెకు చదివి వినిపించవద్దు. మిగతా అందరికీ వినిపించండి. ఆ ఆదివారం, ఆ హాలులో, ఆపా అన్నది ఇదీ, మొత్తం:

"ఈ పుస్తకం సదువుతా ఉంటే నా కండ్లలో నీళ్లు తిరిగినాయి సార్. కొట్టొద్దండి, ఉండండి, ఇంగా అయిపోలేదు. ఆ నీళ్లు సార్ కోసం కాదు. సార్‌ను చంకనెత్తుకోని వాగు దాటించినాదే, ఆ యక్క కోసం. ఇంత పుస్తకంలో ఆయమ్మకు మూడు వరసలు. అక్కలంతా ఇంతే కదా అంట. ఇంతే అంటే ఎంత సార్? మీ ఎద్దుల పేర్లు రాసినారు. బడిగంట ఎట్ల మోగేదో రాసినారు. అక్క పేరు రాయలేదు. నా కండ్లలో తిరిగిన నీళ్లు పేరు లేని ఆ మనిషివి. మీవి కావు. వాటిని తీసకపొయి మీ పుస్తకం మింద సల్లుకోవద్దు."